ఉపమానాన్ని వెదుక్కుంటూ: ఒక ఉమ్మడి తోటలో క్షేత్ర విచారం

సంస్కృతంలో ‘క్షేత్రం’ అనే శబ్దానికి ఉన్న అర్థవైశాల్యం ఆశ్చర్యకరమైనది. పంట పండే పొలం క్షేత్రం. దేవతాసాన్నిధ్యం గల పుణ్యస్థలం క్షేత్రం. భగవద్గీత 13వ అధ్యాయంలో ఈ శరీరమే క్షేత్రం. దానిని ఎరిగినవాడు క్షేత్రజ్ఞుడు. శరీరానికి ఆ పేరు ఎందుకు వచ్చిందో వివరిస్తూ శంకర భగవత్పాదులు తమ భాష్యంలో చెప్పిన కారణాలలో ఒకటి ఇది: పొలంలో వలె దీనిలోనూ కర్మఫలాలు నిష్పన్నమవుతాయి గనుక ఇది క్షేత్రం.

ఈ భాష్యాన్ని నేను ముప్పై సంవత్సరాలకు పైగా పఠించాను, విద్యార్థులకు పాఠం చెప్పాను. అయితే నగరంలో పుట్టి నగరంలోనే పెరిగిన నాకు పొలంతో పరిచయం లేదు. విత్తనం నాటిన అనుభవం లేదు. న్యాయశాస్త్రంలో ఉపమాన ప్రమాణాన్ని వివరించేటప్పుడు ఒక ప్రసిద్ధమైన ఉదాహరణ చెబుతారు. గవయమృగాన్ని ఎన్నడూ చూడనివానికి, అది గోవును పోలి ఉంటుందని చెబితే, అడవిలో దానిని చూచినప్పుడు గుర్తించగలుగుతాడు. ఇక్కడ శ్రోతకు గోవు ముందే తెలిసి ఉండాలి. తెలిసినదానిని ఆధారం చేసుకొని తెలియనిదానిని చేరుకోవడమే ఉపమాన ప్రయోజనం.

మన ఉపనిషత్తులు, దర్శనాలు, పురాణాలు వాడుకున్న గోవులన్నీ, అనగా తెలిసిన వస్తువులన్నీ, అధికాంశం సేద్యానికి, పశుపాలనకు, అరణ్యానికి సంబంధించినవి. బీజాంకుర న్యాయం, వటబీజం, కాలువ నీరు, కలుపు, కోత, నూర్పిడి. ఆనాటి శిష్యునికి ఇవన్నీ నిత్యదృష్టాలు. నాకు మాత్రం ఆత్మ ఎంత అప్రత్యక్షమో అంకురమూ అంతే అప్రత్యక్షం. తెలియనిదానిని మరొక తెలియనిదానితో పోల్చి చెబుతూ ఉన్నానన్న స్పృహ 60 ఏళ్ళు దాటిన తరువాత, చేతికి మట్టి అంటిన నాడు కలిగింది. ఆ అనుభవాన్ని విజ్ఞులైన పాఠకులతో పంచుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేల ఆకలి

హైదరాబాదులో మా కాలనీలో ఉద్యానవనం కోసం విడిచిపెట్టిన స్థలం ఒకటి సుమారు 300 చదరపు గజాలు ఉంది. చాలాకాలంగా అది ఇటుక ముక్కలకు, సిమెంటు పెళ్ళలకు, ప్లాస్టిక్ సంచులకు నిలయంగా ఉండేది. మూడు సంవత్సరాల క్రితం 14 కుటుంబాలవారం కలిసి దానిని శుభ్రం చేసి కూరగాయలు పండించాలని సంకల్పించాము. మాలో ఒక్కరికీ సేద్యం తెలియదు. తెలిసినది కాలనీ కావలిదారు తల్లికి మాత్రమే. పాలమూరు ప్రాంతంలో జీవితమంతా చేనులో గడిపి, వార్ధక్యంలో కుమారుని వద్దకు వచ్చి చేరిన ఆమెను అందరమూ అవ్వ అని పిలుస్తాము.

రోహిణి కార్తె ఎండలలో, సూర్యుడు తీక్ష్ణం కాకముందే వచ్చి, దాదాపు 20 ఉదయాలు శిథిలాలను ఏరివేశాము. స్థలం శుభ్రమైన నాడు ఏమేమి విత్తాలని అందరమూ ఉత్సాహంగా చర్చించుకుంటుండగా అవ్వ వంగి, ఒక గుప్పెడు మన్ను చేతిలోకి తీసుకొని నలిపి చూచింది.

“ఈ నేలకు ఆకలైతున్నది సారూ. మొదలు దానికి పెట్టుండ్రి. మనకు తర్వాత.”

మృగశిర కార్తెలో తొలివాన పడగానే ఆమె సూచించినట్లు జనుము, పిల్లిపెసర, అలసంద చల్లాము. ఇవి పచ్చిరొట్ట పైరులు. వీటి వేళ్ళకు ఏర్పడే చిన్న బుడిపెలలో నివసించే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి, మొక్కకు ఉపయోగపడే రూపంలోకి మారుస్తాయి. పైరు పూతకు వచ్చే సమయంలో, అంటే ఇంచుమించు 45 రోజులకు, దానిని కోసి అదే మట్టిలో కలిపివేయాలి. జనుము పసుపుపచ్చగా పూచి, స్థలమంతా మొదటిసారిగా కనువిందు చేస్తున్న వేళ దానిని కోయవలసి వచ్చింది. కొందరికి మనస్కరించలేదు. ఒక గృహిణి, “పూలైనా కొన్నాళ్ళు చూసుకోనివ్వండి” అని వేడుకొన్నారు. ముదిరితే కాండంలో పీచు పెరిగి త్వరగా కుళ్ళదని అవ్వ చెప్పింది. కోశాము, కలిపాము, రెండు మూడు వారాలు అది జీర్ణమయ్యేవరకు నిరీక్షించాము.

నైవేద్యం గురించి నాకు తెలిసినదంతా ఆ రోజులలో పునర్విమర్శకు లోనయింది. మనం దేవునికి సమర్పించిన పదార్థం ప్రసాదమై తిరిగి మన చేతికే వస్తుంది. సమర్పణకు, స్వీకరణకు మధ్య వ్యవధి కొన్ని క్షణాలు మాత్రమే. నేలకు పెట్టిన నైవేద్యం అలా తిరిగిరాదు. మొదటి పంట పూర్తిగా నేలదే. దానిని మనం తినము, అమ్మము, ఎవరికీ చూపించుకొనము కూడా. అర్పించినదానిని తిరిగి అందుకొంటామన్న నిశ్చయం లేకుండా అర్పించడం ఎటువంటిదో అప్పుడు తెలిసింది.

మడవ తీసినవాడు

భాద్రపద మాసం నాటికి వంగ, టమాట నారు నాటాము. బెండ, చిక్కుడు విత్తాము. తోటకూర గింజలను ఇసుకలో కలిపి చల్లాము. తోటకూర గింజ అతి సూక్ష్మం. ఇసుక కలపకపోతే ఒకేచోట గుత్తులుగా పడుతుంది. విత్తనాన్ని దాని మందానికి రెండు మూడింతల లోతులో మాత్రమే పెట్టాలన్నది అవ్వ చెప్పిన మరొక నియమం. లోతు ఎక్కువైతే అంకురం వెలుగును చేరేలోపే తన శక్తిని వ్యయం చేసుకుంటుంది.

బెండ విత్తిన మరునాటి నుంచి ఒక బాలుడు ప్రతి ఉదయం వచ్చి, మొలిచిందేమోనని మట్టి తొలగించి చూచేవాడు. అవ్వ వానిని దగ్గరకు పిలిచి, “పొద్దుకొక్కసారి కెలికితే ఎట్ల మొలుస్తది బిడ్డా? దాని పని దాన్ని చేసుకోనియ్యి” అన్నది.

ఆ మాట వినగానే నాకు పతంజలి యోగసూత్రాలలోని కైవల్యపాదం స్ఫురించింది. ప్రకృతిలో కలిగే పరిణామాలకు ధర్మాదులు ప్రేరకాలు కావని, అవి ఆవరణాన్ని తొలగించే నిమిత్తాలు మాత్రమేనని చెబుతూ సూత్రకారుడు కృషీవలుని దృష్టాంతంగా చూపుతాడు. వ్యాసభాష్యం దానిని ఇంకా విశదం చేస్తుంది. ఒక మడి నుంచి మరొక మడికి నీరు పారించదలచిన రైతు నీటిని చేతులతో నెట్టుకొని పోడు. అడ్డుగా ఉన్న గట్టును తొలగిస్తాడు, నీరు తనంతట తానే పారుతుంది. అదేవిధంగా నీటిని, భూసారాన్ని వేళ్ళలోకి ఎక్కించే పని కూడా అతడు చేయడు. అడ్డు వచ్చే కలుపును పెరికివేస్తాడు, రసం తనంతట తానే వేళ్ళను చేరుతుంది.

ఈ భాగాన్ని నేను ఎన్నోసార్లు చదివాను. కానీ రబ్బరు గొట్టం వదలి, పారతో మడవ తీసి, ఒక మడి నుంచి మరొక మడికి నీరు తడుముకుంటూ వెళ్ళడాన్ని నిలబడి చూచినప్పుడు ఆ దృష్టాంతం ఎంత కచ్చితమైనదో గోచరించింది. నేను చేసినది మట్టిని రెండు అంగుళాలు పక్కకు జరపడం. మిగిలినదంతా పల్లం చేసింది, నీరు చేసింది. సాధన విషయంలోనూ ఇంతే కదా! జపమైనా, ధ్యానమైనా, స్వాధ్యాయమైనా శాంతిని తయారుచేయవు. ఎక్కడ గట్టు అడ్డుగా ఉన్నదో అక్కడ ఒక మడవ తీస్తాయి.

మేము వాడిన జీవామృతం కూడా ఇదే సూత్రానికి లోబడినది. 200 లీటర్ల నీటిలో 10 కిలోల ఆవుపేడ, 10 లీటర్ల గోమూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, ఒక పిడికెడు మన్ను కలిపి, నీడలో ఉంచి, రెండు రోజులపాటు ఉదయం సాయంకాలం కర్రతో కలియబెట్టి తయారుచేస్తారు. ఇది మొక్కకు నేరుగా ఆహారం కాదని, మట్టిలోని సూక్ష్మజీవులను వృద్ధి చేసి వాటిచేత ఆహారం సిద్ధం చేయించడమే దీని పని అని ప్రకృతి సేద్యం చేసేవారు చెబుతారు. కర్తృత్వం ఇక్కడ కూడా ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది. రైతు మొక్కను పోషించడు. మొక్కను పోషించేవారిని పోషిస్తాడు.

నాలుగవ నాటికి తోటకూర మొలిచింది. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు శ్వేతకేతువుచేత మర్రిపండును పగులగొట్టిస్తాడు. అందులోని గింజనూ పగులగొట్టిస్తాడు. లోపల ఏమీ కనిపించడం లేదని కుమారుడు అంటే, ఆ కనిపించని అణిమ నుంచే ఇంతటి మహావృక్షం నిలిచి ఉన్నదని తండ్రి బోధిస్తాడు. ఆ ఘట్టంలో నాకు ఇప్పుడు ప్రీతిపాత్రమైన అంశం తత్త్వోపదేశం కన్న ముందున్నది. తండ్రి మాటలతో సరిపెట్టలేదు. పండు తెమ్మన్నాడు, పగులగొట్టమన్నాడు, ఏమి కనిపిస్తున్నదని అడిగాడు. ఉపమానాన్ని కుమారుని చేతిలో పెట్టిన తరువాతనే ఉపమేయాన్ని ప్రస్తావించాడు.

పంచసూనలు

తోటపనిలో అత్యంత క్లేశకరమైన ధర్మసందేహం హింసకు సంబంధించినది. కార్తికంలో చిక్కుడు తీగల లేత చివుళ్ళకు పేనుబంక పట్టింది. నల్లని చిన్న పురుగులు కాడను పూర్తిగా కప్పివేశాయి. కొందరు రసాయనాలు చల్లుదామన్నారు, కొందరు వేపనూనె చాలునన్నారు, ప్రాణిహింసే వద్దని మరికొందరు పట్టుబట్టారు. అవ్వ ఆకు వెనుక వైపు తిప్పి, నల్లచుక్కలు గల ఒక ఎర్రని పురుగును చూపించింది. దానిని మన రైతులు అక్షింతల పురుగు అంటారు. అది, దాని పిల్ల పురుగు కూడా పేనుబంకను ఆహారంగా తింటాయి. వారం రోజులు ఏమీ చల్లకుండా ఆగుదామని నిశ్చయించాము. ఆ వారంలో అక్షింతల పురుగులు పెరిగాయి, పేనుబంక తగ్గింది. తీగ నిలిచింది.

కానీ ప్రతి సందర్భంలోనూ ప్రకృతి మన చేతులను శుభ్రంగా ఉంచదు. అంతకుముందే బెండ మొక్కలలో కొన్నింటికి ఆకుల ఈనెలు పసుపుపచ్చగా మారే తెగులు వచ్చింది. తెల్లదోమ ద్వారా వ్యాపించే ఈ వైరస్‌కు చికిత్స లేదు. తెగులు సోకిన మొక్కలను పెరికివేయడమే మిగిలినవాటికి రక్ష. దాదాపు 40 మొక్కలలో 11 మొక్కలను నా చేతులతో పెరికాను. వాటిలో కొన్ని పూతమీద ఉన్నాయి.

మన ధర్మశాస్త్రాలు ఈ క్లేశాన్ని దాచిపెట్టలేదు. గృహస్థుని ఇంట ఐదు హింసాస్థానాలు ఉంటాయని, వాటిని పంచసూనలు అంటారని మనుస్మృతి చెబుతుంది: పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు రోకలి, నీటికుండ. వంట చేయడంలో, ఊడ్వడంలో, దంచడంలో తెలియకుండానే ప్రాణులు నశిస్తాయి. దీనికి శాస్త్రం విధించిన పరిహారం వంట మానుకొనడం కాదు; నిత్యం పంచమహాయజ్ఞాలు చేయడం. స్వాధ్యాయం, పితృతర్పణం, దేవతారాధన, అతిథిపూజలతో పాటు ప్రాణికోటికి అన్నభాగం పెట్టే భూతయజ్ఞం వాటిలో ఉన్నది.

ఈ విధానంలోని వాస్తవదృష్టి నాకు తోటలో బోధపడింది. హింసారహితంగా జీవిస్తున్నానని భావించడం అన్నం ఎక్కడి నుంచి వస్తున్నదో చూడనివానికే సాధ్యం. చూచినవానికి మిగిలేది కృతజ్ఞత, దాని వెంటనే ఋణభావం. యజ్ఞం ఆ ఋణాన్ని తీర్చే ప్రయత్నం.

పరిగె

అసలైన పరీక్ష ఫలం చేతికి వచ్చిన తరువాత ఎదురయింది. మార్గశిరంలో వంకాయలు విరివిగా కాశాయి. ప్రతి ఆదివారం కోసి 14 భాగాలు చేసి పంచుకొనేవారము. ఒక ఆదివారం వెళ్ళేసరికి రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి. రాత్రి ఎవరో కోసుకొనిపోయారు. ఆ తరువాతి వారం టమాటాలు పోయాయి.

ఆ సాయంకాలం సమావేశంలో స్వరాలు హెచ్చాయి. ద్వారానికి తాళం వేయాలని, కెమెరా అమర్చాలని ప్రతిపాదనలు వచ్చాయి. పక్క వీధిలో నిర్మాణంలో ఉన్న భవనం వద్ద రేకుల గుడిసెలలో నివసిస్తున్న కూలీలపై అందరికీ అనుమానం. నేను మౌనంగా వింటూ నా మనస్సును పరిశీలిస్తున్నాను. అక్కడ ఒక చిన్న శబ్దం స్పష్టంగా వినవస్తున్నది: ‘మన’ వంకాయలు. ఎండలో రాళ్ళు ఏరినది మనం. నీరు పెట్టినది మనం. అహంకార మమకారాల గురించి ఎన్ని వ్యాఖ్యానాలు చదివినా, మమకారం పుట్టే క్షణాన్ని ఇంత సమీపం నుంచి చూచే అవకాశం నాకు ఎన్నడూ కలగలేదు. శ్రమ నుంచి అది ఎంత సహజంగా, ఎంత న్యాయబద్ధమైన రూపంతో పుడుతుందో చూచాను. దానిని నిందించాలని కూడా అనిపించలేదు. మడవ ఎక్కడ తీయాలో మాత్రం తెలియవలసి ఉన్నది.

తలుపు వద్ద కూర్చున్న అవ్వ అప్పటివరకు పెదవి విప్పలేదు. అందరూ కొంత శాంతించిన తరువాత మెల్లగా అన్నది:

“మా ఊళ్ళె కోతలైనంక చేన్ల పరిగె ఏరుకునేటోళ్ళను ఎవరూ దొంగలనకపోతుండె. వాళ్ళకని ఇంత ఇడిసిపెడ్తుంటిమి.”

పరిగె అంటే కోత పూర్తయిన పొలంలో రాలి మిగిలిన వెన్నులు, గింజలు. వాటిని ఏరుకొని జీవించడాన్ని సంస్కృతంలో ఉంఛవృత్తి అంటారు. మన వాఙ్మయంలో ఉంఛవృత్తికి మహోన్నతమైన స్థానం ఉన్నది. మహాభారతం ఆశ్వమేధిక పర్వంలో ధర్మరాజు అశ్వమేధం ముగిసిన తరువాత సగం దేహం బంగారమైన ఒక ముంగిస వచ్చి, ఆ యజ్ఞం కురుక్షేత్రంలోని ఒక పేద బ్రాహ్మణుని పేలపిండి దానానికి సాటిరాదని చెబుతుంది. ఆ బ్రాహ్మణుడు ఉంఛవృత్తితో జీవించేవాడు. కరువు కాలంలో కుటుంబంతో పస్తులుండి, ఏరుకొని తెచ్చిన కొద్దిపాటి యవలతో చేసిన పిండిని కూడా అతిథికి సమర్పించాడు. ఆ స్థలంలో పొర్లిన ముంగిసకు సగం దేహం స్వర్ణమయమైంది.

ఈ కథను మనం నిత్యం ఏరుకొన్నవాని వైపు నుంచి, దానం చేసినవాని వైపు నుంచి వింటాము. ఆ సాయంకాలం నాకు అది పొలం వైపు నుంచి వినిపించింది. ఆ బ్రాహ్మణునికి గింజలు దొరకాలంటే, ఎవరో ఒక రైతు తన చేనులో చివరి గింజ వరకు ఏరుకొనకుండా ఉండాలి. గట్టుమీద కాపలా పెట్టకుండా ఉండాలి. ఆ రైతుకు కథలో పేరు లేదు, ప్రశంస లేదు. తాను విడిచిపెట్టిన గింజలు ఎవరికి చేరాయో, ఎటువంటి మహాదానానికి కారణమయ్యాయో అతనికి తెలిసే అవకాశమూ లేదు. ఫలత్యాగానికి ఇంతకన్న శుద్ధమైన ఉదాహరణ నాకు తోచడం లేదు. ఇవ్వడంలో ‘ఇచ్చాను’ అనే ఫలం ఒకటి మిగులుతుంది. విడిచిపెట్టడంలో అదికూడా మిగలదు.

ఈ మాటలనే సభలో చెప్పాను. అందరూ అంగీకరించలేదు. దొంగతనానికి తత్త్వం పూసి సమర్థిస్తున్నారని ఒకరు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణలోనూ బలమున్నది. అడగకుండా తీసుకొనడం ధర్మమని నేను చెప్పలేదు. తీసుకొనేవాని ధర్మం అతనిది. విడిచిపెట్టవలసినవాని ధర్మం మనది. రెండవదానిని మనం పాటిస్తే మొదటివాడు దొంగ కావలసిన అవసరం తగ్గుతుందన్నదే నా మనవి. చివరకు పనిముట్ల గదికి తాళం వేయాలని, ద్వారానికి వేయకూడదని నిర్ణయమైంది. వీధి వైపు కంచె వెంట ఉన్న ఒక వరుసను మేము కోయకూడదని, దారిన పోయేవారికి విడిచిపెట్టాలని నియమం చేసుకున్నాము. రెండు కుటుంబాలు తోట నుంచి విరమించుకున్నాయి. వారిలో ఒకరు నాకు చిరకాల మిత్రులు. ఇప్పటికీ ఆ విషయంలో వారి అభిప్రాయం మారలేదు, మా స్నేహం పూర్వంవలె లేదు. ధర్మనిర్ణయాలు మూల్యం లేకుండా రావు.

మిగిలిన వరుసల నుంచి కాయలు పోవడం దాదాపు ఆగిపోయింది. కంచె వరుసలో తోటకూర, గోంగూర, వంకాయలు ఎవరు కోసుకుంటారో మేము చూడము. ఏడాది తరువాత ఆ భవనం పూర్తయింది, గుడిసెలు తొలగిపోయాయి, కూలీలు మరొక చోటికి వెళ్ళిపోయారు. అయినా ఆ వరుసలో కాయలు మిగలవు. ఎవరికి చేరుతున్నాయన్న విచారణ మాకు లేదు.

తెలిసినది

ఈ మూడు సంవత్సరాలలో నేను మంచి రైతును కాలేదు. ఇప్పటికీ మబ్బు చూచి వాన చెప్పలేను. నారు ముదిరిందో లేదో అవ్వను అడిగి తెలుసుకుంటాను. నాలో కలిగిన మార్పును చెప్పవలసివస్తే, శాస్త్రంలోని ఉపమానాలు నాకు తిరిగి లభించాయి. బీజం అంటే ఇప్పుడు నా వేళ్ళకు తెలుసు. నిమిత్తమాత్రత్వం అంటే మడవ వద్ద నిలబడిన నా పాదాలకు తెలుసు. ఋణం అంటే పెరికిన 11 మొక్కలు గుర్తుకు వస్తాయి. ఫలత్యాగం అంటే కంచె పక్కన ఒక వరుస.

జ్ఞానానికి శ్రవణ మనన నిదిధ్యాసనలు మార్గమని పెద్దలు చెప్పారు. శ్రవణం చేసే చెవికి లోకం ముందే కొంత పరిచయమై ఉంటుందని వారు భావించి ఉంటారు. నగరాలలో పెరుగుతున్న మన పిల్లలకు ఆ పరిచయం మనమే కల్పించాలి. గీత 13వ అధ్యాయం బోధించదలచినవారు, వీలైతే ముందుగా నాలుగు అడుగుల నేల చూపించండి. అదీ లేకపోతే ఒక కుండీ, ఒక గుప్పెడు మన్ను, కొన్ని తోటకూర గింజలు చాలును. మొలక వచ్చేవరకు మట్టి కెలకవద్దని చెప్పండి. నాలుగు రోజుల తరువాత పాఠం ప్రారంభించవచ్చు.